హెపటైటిస్ బి టీకా: ఒంటికి నేర్పే పాఠం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. మన బడి పిల్లలు చాలామంది ఈ చుట్టుపక్కల కంపెనీల్లో, ఆసుపత్రుల్లో, రక్తపరీక్షల ల్యాబుల్లో ఉన్నారు. అందుకే ఈ కాసేపు హెపటైటిస్ బి టీకా గురించి చెప్తాను.

ఇది కాలేయానికి పట్టే వైరస్. రక్తం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. కామెర్లు తగ్గాయి కదా, పసరు పనిచేసింది కదా అనుకుంటాం. కొందరిలో వైరస్ లోపలే ఉండిపోతుంది. ఏళ్ల తర్వాత కాలేయం గట్టిపడటమో, క్యాన్సరో అయి బయటపడుతుంది. పుట్టగానే సోకితే నూటికి 90 మంది పిల్లల్లో అది ఉండిపోతుంది.

ఈ వైరస్‌కు పైన ఒక పొర ఉంటుంది. ఆ పొరలోని ప్రొటీన్‌ను గుర్తుపట్టడం వస్తే చాలు, ఒళ్లు దాన్ని అడ్డుకుంటుంది. మొదట్లో ఈ ప్రొటీన్‌ను వైరస్ ఉన్నవారి రక్తం నుంచే తీసేవారు. తర్వాత ఆ ఒక్క ప్రొటీన్ జన్యువును ఈస్ట్ కణాల్లో పెట్టి, వాటి చేత తయారుచేయించారు. టీకాలో వైరస్ ఉండదు, కాబట్టి దానివల్ల జబ్బు రాదు. అమెరికాలో 1986లో ఇలాంటి టీకా వచ్చింది. మన దేశంలో మొదటిది హైదరాబాద్‌ నుంచే వచ్చింది. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు తల్లి పేరు మీద 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997లో శాన్‌వాక్-బి విడుదల చేశారు. విదేశీ టీకా డోసుకు వందల రూపాయలున్నప్పుడు ఇది 50 రూపాయల దగ్గర దొరికింది. ప్రభుత్వ టీకాల్లో ఇది 2002లో కొన్నిచోట్ల మొదలై, 2011కల్లా దేశమంతటా చేరింది.

పెద్దలకు మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మూడోది ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. యాంటీబాడీలు బాగా పెరిగేది దానితోనే. మిల్లీలీటరు రక్తంలో 10 మిల్లీ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. ఏళ్లు గడిస్తే ఆ అంకె తగ్గుతుంది, అయినా గుర్తుపెట్టుకునే కణాలు మిగిలే ఉంటాయి. ఎన్నేళ్లకు కలిసినా ఈ రోజు మనం ఒకరినొకరం పోల్చుకున్నట్టే, అవీ వైరస్‌ను పోల్చుకుంటాయి.

అయితే మూడు డోసులూ వేసుకున్నా నూటికి అయిదు నుంచి పదిమంది పెద్దల్లో ఆ అంకె 10కి చేరదు. రక్తంతో, సూదులతో పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో ఆ పరీక్ష చేయించుకోండి. చేరకపోతే డాక్టరు మరో వరుస వేస్తారు. ఇంట్లో కాన్పయితే బిడ్డకు 24 గంటల్లోపు మొదటి డోసు పడిందో లేదో అడగండి. గురువులు ఈ మాట తరగతిలో ఒక్కసారి చెప్తే ఊరూరికీ చేరుతుంది.