బోల్టు తల అరిగిపోయిందా? ముందు పానా పక్కన పెట్టండి!
ఇదిగో, పాత లారీ సైలెన్సర్ బోల్టు. తల గుండ్రంగా అరిగిపోయింది. ఇంకా పానా వేసి లాగితే ఉన్న కాస్త మూలలు కూడా పోతాయి. తుప్పు గీకి, రస్ట్ స్ప్రే కొట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే 19 బోల్టుకి 18 సాకెట్, పాతదే, సుత్తితో దిగ్గొట్టి తిప్పండి.

రాలేదా? స్ప్రే శుభ్రంగా తుడవండి, అంటుకుంటుంది. బ్యాటరీ వైర్లు పీకేసి, తల మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేయించండి. పట్టు దొరుకుతుంది. అసలు మ్యాజిక్ ఆ వేడిదే, తుప్పు పట్టు విడిచేస్తుంది. కాస్త చల్లారాక అటూ ఇటూ మెల్లగా కదపండి. తొందరపడితే తల తెగుతుంది, ఇక డ్రిల్లింగే! డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపుల పక్కన మాత్రం వెల్డింగ్ జోలికి పోవద్దు.