నడుము గురించి కూడా మాట్లాడుకుందాం
(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కరెంటు గురించి ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. నడుము గురించి మాట్లాడుకోలేదు. మనం రోజంతా వంగి నాట్లు వేస్తాం, వీపున మందు డ్రమ్ము మోస్తాం. హమాలీ తమ్ముళ్లు 75 కిలోల ధాన్యం బస్తా ఎత్తుతారు.

వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు లాంటిదే డిస్కు. దాని అంచు చిట్లి లోపలి గుజ్జు నరాన్ని ఒత్తితే పిర్ర నుంచి పాదం దాకా లాగుతుంది. డిస్కు జరిగిందనగానే మనకు ఆపరేషను, దాని వెనకాలే అప్పు గుర్తొస్తాయి. ఆగండి. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషను లేకుండానే నెమ్మదిస్తుంది. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కానింగు తీసినా చాలామందిలో డిస్కు ఉబ్బి కనబడుతుంది. ఫిల్ము చూసి బెదిరిపోవద్దు.

నెలల తరబడి మంచానికి అంటుకుపోవడం మంచిది కాదు. ఒకటి రెండు రోజులు చాలు, తర్వాత మెల్లగా నడవాలి. ఏ కదలికకు నొప్పి కాలిలోకి దిగుతుందో, దేనికి వెనక్కి వస్తుందో ఫిజియోథెరపిస్టు పరీక్షించి వ్యాయామం చెబుతారు. చాలామందికి బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం పనిచేస్తుంది. న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకెంజీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నొప్పి కాలు విడిచి నడుము వైపు వస్తే మంచి గుర్తు. పాదం వైపు దిగితే ఆపెయ్యాలి. కాస్త నెమ్మదించాక వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి పిర్రలు లేపడం లాంటివి నేర్పుతారు. కాపడం, కరెంటు పెట్టడం అప్పటికి హాయినిస్తాయంతే. వీపు తొక్కించుకోవడం మాత్రం మానండి.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, తొడల నడుమ మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా వ్యాయామాలంటూ కూర్చోవద్దు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇంతా చెప్పి, నేర్పేవాళ్లెక్కడున్నారంటే పట్నంలో! కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని వారానికి మూడుసార్లు ఎవరు వెళ్లగలరు? అందుకే మండల ఆసుపత్రికి వారంలో కొన్ని రోజులైనా ఫిజియోథెరపిస్టు రావాలని అడుగుతున్నాం. రెండోది బస్తా బరువు. ఒక మనిషి మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. 2018లో యూరియా బస్తాను 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. అది మన నడుముల మీద జాలితో కాదు, యూరియా వాడకం తగ్గించడానికి. అయినా తగ్గించడం కుదిరింది కదా! ధాన్యం బస్తాకు ఎందుకు కుదరదు? ఈ రెండూ రాసిన వినతిపత్రం బల్ల మీద ఉంది, సంతకాలు పెట్టి వెళ్లండి.