గట్టున పువ్వు, చెట్టున పిక్క



ఇచ్ఛాపురం దాపున ఉన్న తేలుకుంచి గ్రామాన్ని మీలో చాలామంది ఎరుగుదురు. వానలు పడగానే నత్తగుల్ల కొంగలు వచ్చి అక్కడి చింతచెట్ల మీద గూళ్ళు కడతవి. ఊరివారు వాటి జోలికి పోరు, ఎవరినీ పోనివ్వరు. అవి పొలాల్లో నత్తలను ఏరి తింటవి. చోటిచ్చినందుకు పక్షి పని చేసి పెడుతున్నదన్నమాట. ఈ పూట ఇంతకంటే చిన్న చుట్టాలను గురించి, అంటే తేనెటీగలను, తుమ్మెదలను గురించి చెప్పదలచాను.

ఉద్దానంలో జీడిపూత చూడనివారుండరు. ఒక్కొక్క గుత్తిలో వందల పూలున్నా చాలా భాగం మగపూలే. పిక్క కట్టేవి కొద్ది. పుప్పొడి జిగురుగా ఉంటుంది గనుక గాలికి ఎగరదు. ఏ ఈగో, చీమో మోసుకుపోవలసిందే. మరి జీడిపూత ఉండేది రెండు మూడు నెలలు. తక్కిన కాలమంతా ఈ ఈగలు ఏం తిని బతకాలి? పిచ్చిమొక్కలని మనం గట్టు నున్నగా చెక్కేస్తాం, చెత్త అంటించేస్తాం. పందిరి పీకేసి, చుట్టాలు రాలేదని విచారించినట్టు కాదా?

కాబట్టి గట్టు వెంట ఒక గజం వెడల్పు వాటికి విడవండి. నూరు గజాల గట్టుకు పోయేది రెండు సెంట్ల పైచిల్లర. అందులో ఏళ్ల తరబడి నిలిచే మన మొక్కలే పెట్టండి. తంగేడు పుప్పొడినిస్తుంది; తుమ్మెద రొద చేస్తే ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. కాని అందులో తేనె లేదు. తేనెకు వావిలి ఉన్నది. ఈ రెంటినీ పశువులు సామాన్యంగా ముట్టవు. వాటి నడుమ వెంపలి వేస్తే నేలకూ బలం. వావిలి కొమ్మలు తొలకరిలో గుచ్చితే చాలు. తంగేడు గింజలను వేడినీట నానవేసి చల్లండి. వయ్యారిభామను, తలంబ్రాల చెట్టును మాత్రం రానివ్వకండి. అవి తక్కినవాటిని మింగేస్తవి.

"పొదలుంటే పాములు చేరవా, బాబూ?" అంటారు. చేరవచ్చు, అబద్ధమాడను. అందుచేత నడకదారినీ, ఇంటి వైపునూ ఖాళీగా ఉంచండి. పిక్కలేరే రోజులకు ముందు చెట్ల కింద శుభ్రం చేసుకోండి, గట్టును మాత్రం తగలబెట్టకండి. టీ దోమకు మందు కొట్టక తప్పకపోతే, పొద్దువాలి ఈగలు గూటికి చేరిన తరువాతనే కొట్టండి.

ఇంత చేస్తే బస్తాలకు బస్తాలు పెరుగుతాయని నేను చెప్పను. స్విట్జర్లాండులో ప్రభుత్వ సహాయం కోరే రైతు భూమిలో నూటికి 7 వంతులు ఇటువంటి ప్రకృతికి విడవాలని నియమమున్నది. మనకా నియమం లేదు, ఆ సహాయమూ లేదు. కాని 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జీడి, కొబ్బరి ఎట్లా కూలాయో మరిచామా? తరువాత నాటిన చెట్లకు పూత రావడం ఒక ఎత్తు, ఆ పూత నిలిచి పిక్క కట్టడం మరొక ఎత్తు.

వచ్చే తొలకరికి ఒక్క గట్టు మీద పెట్టి చూడండి. రెండో గట్టును పాత పద్ధతిలోనే ఉంచండి. రెండు మూడేళ్లు రెండు వైపుల పిక్కలూ వేరువేరుగా తూచండి. నా మాట కాదు, మీ తక్కెడ చెప్పిందే నమ్మండి.