హరీరా – మగ్రిబ్ దేశపు ఇఫ్తార్ వంటకం

(మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రంజాన్ నెలలో రోజా అందరికీ ఒకటే. కాని చివరి గంటలో పొయ్యి ముందు నిలబడి బజ్జీలు, సమోసాలు వేయించేది ఇల్లాలే. అజాన్ వినిపించేసరికి అందరూ దస్తర్‌ఖాన్ దగ్గరుంటే, ఆమె ఇంకా నూనె మూకుడు దగ్గరే ఉంటుంది. ఈ సంగతి మనసులో పెట్టుకునే మొరాకో వారి హరీరాను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము.

మొరాకోను అరబ్బీలో అల్ మగ్రిబ్ అంటారు. అంటే సూర్యుడు అస్తమించే చోటు. మన సాయంత్రపు నమాజుకూ అదే పేరు కదా! అక్కడ ఇఫ్తార్‌లో ఖర్జూరంతో పాటు హరీరా గిన్నె ఉండవలసిందే. పక్కన నువ్వులు, తేనెతో చేసిన చెబ్బాకియా అనే మిఠాయి, ఉడికించిన గుడ్లు పెడతారు. హరీర్ అంటే పట్టు. ఆ నునుపును బట్టే ఈ పేరు వచ్చిందని చెబుతారు. హైదరాబాదులో బాలింతలకిచ్చే తియ్యని హరీరా వేరు, ఇది వేరు. ఇది పులుపు, మిరియాల ఘాటు కలిసిన చిక్కని పప్పుచారు వంటిది.

ఆరుగురికి కొలతలు చెబుతాము. 100 గ్రాముల కాబూలీ శనగలు ముందు రాత్రే నానబెట్టుకోవాలి. పావుకిలో మాంసం చిన్న ముక్కలు, ఒక పెద్ద ఉల్లిపాయ కొద్దిపాటి వెన్నలో వేయించి, చెంచా శొంఠిపొడి, అరచెంచా మిరియాల పొడి, చిటికెడు పసుపు, చిన్న దాల్చిన చెక్క వేయాలి. శనగలు, రెండు లీటర్ల నీళ్లు పోసి మెత్తబడేదాకా ఉడకనివ్వాలి. తరువాత 100 గ్రాముల పొట్టు మసూరు పప్పు వేయాలి. అదీ ఉడికాకే అరకిలో టమాటాల గుజ్జు, గుప్పెడు కొత్తిమీర, దొరికితే సెలరీ ఆకు వేసుకోవాలి. టమాటా ముందే వేస్తే ఆ పులుపుకు పప్పులు త్వరగా ఉడకవు, గమనించగలరు. రుచి చూడకుండా వండుతాము కాబట్టి ఉప్పు కొలిచి, కాస్త తక్కువగానే వేయండి. చాలకపోతే తినేటప్పుడు కలుపుకోవచ్చు.

ఇంతవరకు మధ్యాహ్నమే అయిపోతుంది. ఇఫ్తార్‌కు అరగంట ముందు మళ్లీ మరిగించి, గుప్పెడు సేమ్యా వేసి, మూడు పెద్ద చెంచాల మైదా గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. మైదా పచ్చివాసన పోవడానికి పది నిమిషాలు పడుతుంది. దించి నిమ్మరసం పిండుకుంటే సరి.

మాంసం కొనే స్తోమత లేనివారు మానేయవచ్చు. శనగలు, పప్పు ఉన్నాయి, బలానికి లోటు రాదు. అనుకోని అతిథి వస్తే రెండు గ్లాసుల వేడినీళ్లు పోసి మరిగిస్తే ఇంకో ఇద్దరికి సరిపోతుంది. పొరుగింటికీ ఒక గిన్నె పంపవచ్చు.

అక్కలారా, గిన్నెలు సర్దే పని పిల్లలకు, మగవారికి అప్పగించండి. తప్పేమీ లేదండీ. మగ్రిబ్ అజాన్ వేళకు వండినామె కూడా అందరితో పాటు కూర్చుని ఖర్జూరం నోట పెట్టుకోవాలి. మా మనవి అంతే. సెలవు.