పంపకాల్లో ఆడబిడ్డ వాటా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తండాల తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

తండాలో దర్జీ కాలం చేస్తే ఇల్లు, కుట్టుమిషన్లు కొడుకులు పంచుకుంటారు. పక్కన కూర్చొని కాజాలు కుట్టిన కూతురికి చీరె పెట్టి పంపుతారు. ఇది న్యాయమేనా?

1956 హిందూ వారసత్వ చట్టం, సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కూతుళ్లకు సమాన హక్కిచ్చిన 2005 సవరణా అంతే. అయితే ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం రుజువు కానందున సమాన వాటా ఇవ్వాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

కోర్టుదాకా ఎందుకు? నాన్న బతికుండగానే తన స్వార్జితానికి ఇద్దరు సాక్షులతో వీలునామా రాయమనండి. అందులో అమ్మ పేరు, అక్కచెల్లెళ్ల పేర్లు ఉండాలి. ఆ మాట ముందు అనాల్సింది కొడుకులే.

జై సేవాలాల్!