బడి విడుచు వేళ ఛాయాచిత్రము

మార్చి నెల సమీపించినదనగా మన ఉన్నత పాఠశాలలలో పదవ తరగతి పిల్లలకు వీడ్కోలు సభలు జరుగును. ఆడపిల్లలు తల్లుల పట్టుచీరెలు కట్టి వత్తురు. మగపిల్లలు ఇస్త్రీ మడత నలుగని చొక్కాలు తొడిగి వత్తురు. ఉపన్యాసములు ముగిసిన పిదప అందరును ఆవరణలోనికి వచ్చి ఛాయాచిత్రములు తీయించుకొందురు. వీరిలో ఎవరు ఏ యూరి కళాశాలకు పోవుదురో, ఎవరి చదువు అంతటితో ఆగునో ఆనాటికి ఎవరికిని తెలియదు. అందుచేత ఆ దినమున తీసిన బొమ్మ ఆ యింట చిరకాలము నిలుచును.

ఒకప్పుడు ఇట్టి చిత్రము కొరకు పట్టణమునకు పోయి, స్టూడియోలో రంగులు వేసిన తెర ముందు కుర్చీ పట్టుకొని నిలువవలసి యుండెడిది. నేడు ఇంటింటను సెల్‌ఫోను కలదు. ఆరుబయట చిత్రము తీయుట అందరికిని సులభమైనది. అయినను, చూచినవారి చూపును నిలుపగల చిత్రము అరుదుగానే యున్నది. చిట్లించిన కన్నులు, కనుబొమల క్రింద నల్లని గుంటలు, వెనుక మండుచున్న తెల్లగోడ, ముందు గుర్తుపట్టరాని మొగము. పెక్కు చిత్రములు ఇట్లే యుండును. దీనికి కారణము వెలుతురును ఎన్నుకొనుటలోని పొరపాటు.

ఆరుబయట మనుష్యుల రూపములు తీయుట క్రొత్త విద్య కాదు. 1843లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అను చిత్రకారుడును, రాబర్ట్ ఆడమ్సన్ అను ఛాయాచిత్రకారుడును కలిసి పని ప్రారంభించిరి. నాటి కాగితపు నెగటివునకు మిక్కిలి వెలుతురు కావలసి యుండెను. గదిలోని వెలుతురు దానికి చాలదు. కాబట్టి వారు కుర్చీలను, బల్లలను, తెరలను ఆరుబయటికి తెచ్చి, గదిలో కూర్చున్నట్లే మనుష్యులను కూర్చుండబెట్టి చిత్రములు తీసిరి. సూర్యుడే వారి దీపము. దీపము ఎచట నున్నదో చూచి, దానికి తగినట్లు మనిషిని త్రిప్పుట ఈ కళలో నేటికిని మొదటి పాఠము.

అయితే అన్ని దేశములలోను సూర్యుడు ఒకే తీరున నుండడు. అమెరికాలో ఉన్నత పాఠశాల కడపటి సంవత్సరపు పిల్లలకు తోటలలోను, పొలములలోను చిత్రములు తీయించుట ఆచారము. అచటి తెలుగు కుటుంబములవారును ఇట్టివి తీయించి ఇచటి బంధువులకు పంపుచుందురు. అవి చూచి మన పిల్లలు అటువంటివే కోరుట సహజము. కాని న్యూజెర్సీలో అక్టోబరు నడుమ మధ్యాహ్నపు సూర్యుడు సుమారు 41 డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును. వెలుతురు ఏటవాలుగా వచ్చి మొగముపై పడును. మన విజయవాడలో మార్చి 21 ప్రాంతమున మిట్టమధ్యాహ్నము సూర్యుడు 73 డిగ్రీలు దాటి, దాదాపు నడినెత్తిన నిలుచును. ఆ యెండ నుదుటిపైనను, ముక్కుపైనను పడి, కన్నులను నీడలో ముంచును.

కనుక మనకు తగిన వేళలు రెండు: ప్రొద్దు పొడిచిన తరువాత ఒక గంట, ప్రొద్దు క్రుంకుటకు ముందు ఒక గంట. మార్చి నడుమ విజయవాడలో సూర్యాస్తమయము 6 గంటల 20 నిమిషముల ప్రాంతమున నగును. కావున సాయంకాలము 5 గంటల 20 నిమిషములు మొదలు మంచి సమయము. మధ్యాహ్నముననే తీయవలసి వచ్చినచో బడి వరండా అంచు అన్నిటికంటె మేలైన స్థలము. పిల్లవానిని నీడలోనే, ఎండకు రెండడుగులు లోపలగా, ఆకాశమువైపు మొగము పెట్టి నిలుపవలెను. పైకప్పు నడినెత్తి యెండను ఆపును. ఎదుటి ఆకాశము మెత్తని వెలుతురు నిచ్చును. ఆ ఆకాశమే కంటిపాపలో చిన్న మెరుపై కనబడును. ఆ మెరుపు లేని మొగము ఎంత చక్కనిదైనను జీవము లేనట్లుండును. వేపచెట్టు క్రింద నిలుపునప్పుడు జాగ్రత్త వలయును. ఆకుల సందుల నుండి పడు ఎండపొడలు మొగముపై మచ్చలుగా నిలుచును.

ఒక తెల్లని పంచెయో, దుప్పటియో చెంతనుంచుకొనుట మంచిది. దానిని పిల్లవాని నడుము ఎత్తున ఇద్దరు మిత్రులు పరచి పట్టుకొన్నచో, అది వెలుతురును పైకి త్రిప్పి కనుబొమల క్రిందను, గడ్డము క్రిందను నీడలను తేలిక చేయును. ఫోనును మొగమునకు మిక్కిలి దగ్గరగా తీసికొని పోరాదు. ముక్కు పెద్దదిగాను, చెవులు చిన్నవిగాను కనబడును. ఆరేడడుగుల దూరమున, పిల్లవాని కన్నుల ఎత్తుననే నిలిచి తీయవలెను. తలవెనుక జెండా కొయ్య మొలచినట్లు కనబడుచున్నదేమో ఒక్కమారు చూచుకొనవలెను.

ఇక ముఖ్యమైన విషయము మేనివన్నెను గూర్చినది. కెమేరాలోని కొలమానము తాను చూచు దృశ్యమంతయు కలిపి నడిమి బూడిద వన్నెగా నుండవలెనని తలంచును. వెనుక తెల్లగోడ యున్నచో దానిని తగ్గించును. దానితోపాటు చామనచాయ మొగము చీకటిలో పడును. అప్పుడు మనము పిల్లవాడు నల్లనివాడని నిందించి, మొగమునకు తెలుపు పూయుదుము. ఈ పక్షపాతమునకు చరిత్ర కలదు. 1950ల నుండి కొడాక్ సంస్థ రంగు చిత్రములు సరిచూచుకొనుటకై ముద్రణశాలలకు పంపిన నమూనా కార్డుపై తెల్లజాతి స్త్రీ రూపముండెడిది. దానికి షర్లీ కార్డు అని పేరు వచ్చినది. ఆమె చర్మము సరిగా వచ్చినచో చిత్రము సరియైనదని లెక్క. అనేక వర్ణముల స్త్రీలున్న కార్డు 1990లలో గాని రాలేదు.

మా తప్పు కూడ ఒకటి చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తల్లి, "మా అమ్మాయి కొంచెం తెల్లగా వచ్చేట్టు చూడండి బాబూ" అని కోరినది. మేము కాదనక, మొగమును తెలుపు చేసి ఇచ్చితిమి. ఆ యింటి అమ్మమ్మ చిత్రమును కంటికి దగ్గరగా పట్టుకొని, "ఇదెవరి పిల్లే?" అని కూతురి నడిగినది. తల్లి నవ్వినది. ఆ పిల్ల నవ్వలేదు.

మరునాడు సాయంకాలము ఆమెను మరల రమ్మంటిమి. వరండా అంచున నిలిపితిమి. వెనుక తెల్లగోడకు బదులు చిక్కని మామిడిచెట్టు నీడ వచ్చునట్లు చూచితిమి. ముందు తెల్లపంచె పరపించితిమి. ఫోను తెరపై ఆమె మొగమున్నచోట వ్రేలుంచి, వెలుతురు కొలత అచటనే నిలిపితిమి. చర్మమును నునుపుచేయు సదుపాయమును కట్టివేసితిమి. చామనచాయ చామనచాయగానే, చెంపపై సాయంకాలపు వెలుతురుతో, చక్కగా వచ్చినది. మనము వాడు ఛాయాచిత్రమను మాటలోని ఛాయకు నీడ యనియు, మేనివన్నె యనియు రెండర్థములు కలవు. నీడను సరిచేసినచో వన్నెను మార్చవలసిన పనియుండదని మేము ఆనాడు నేర్చుకొంటిమి.

పిల్లలను ఎట్లు నిలుపవలెనను ప్రశ్నకు జర్మనీ దేశపు ఆగస్ట్ జాండర్ తీసిన ఒక చిత్రము సమాధానము చెప్పును. 1914లో ముగ్గురు పల్లెటూరి యువకులు మంచి దుస్తులు ధరించి, చేతికఱ్ఱలు పట్టుకొని, నాట్యమునకు పోవుచు దారిలో నిలిచి కెమేరావైపు తలలు త్రిప్పిరి. వెనుక పొలము తప్ప వేరొక అలంకారము లేదు. ఆ యేడాదియే మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. ఆ యువకులు ఎవరో, ఎట్టి గర్వముతో నడచుచుండిరో నేటికిని ఆ చిత్రములో చూడవచ్చును. మన పిల్లలను గూడ పరాయి వేషములో నిలుపనక్కరలేదు. రోజు తొక్కిన సైకిలు, కూర్చున్న బల్ల, నీళ్లు త్రాగిన కుళాయి, వీనిలో ఏదియో ఒకటి చాలును. నవ్వుమని ఆజ్ఞాపింపక, మొదటి దినమున ఎవరి ప్రక్కన కూర్చుంటివని అడిగి చూడుడు. మొగము తానే విప్పారును.

చిత్రమును ఫోనులోనే విడువక, కాగితముపై అచ్చొత్తించి, వెనుక పేరు, ఊరు, బడి, తేదీ వ్రాసి యుంచుట మరువరాదు. ఫోనులు మారును, పోవును. రెండవ చిత్రమును మేము అట్లే వ్రాసి ఇచ్చితిమి. ఆ మారు అమ్మమ్మ ఎవరి పిల్లయని అడుగలేదు. గోడపై తాతగారి పటము ప్రక్కన మేకు కొట్టుమని మాత్రము చెప్పినది.