మీటింగు ఎక్కడ అని వెతికినాము

సొసైటీ సంగతులు చెప్పమని మమ్మల్ని పిలిచినారు. నూలు ధర, రిబేటు బాకీ గురించి ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాము. ఈసారి తాగుడు సంగతి మాట్లాడతాము. ఎనిమిదో క్లాసు చదువు మాది, మాటలో తప్పుంటే మన్నించండి.

మా సేలం పక్క సొసైటీలో కూలీ శనివారం సాయంత్రం ఇచ్చేది వాడుక. 2003 నుంచి తమిళనాడులో సర్కారు టాస్మాకే చిల్లరగా మందు అమ్ముతూ ఉంది. కూలీ తీసుకున్న చెయ్యి ఇల్లు చేరేలోపల అంగడి దాటాలి. అందరూ దాటలేరు.

మా సభ్యుడు ఒకడు, వరసకు మాకు తమ్ముడు. పేరు చెప్పము. పట్టు పంచెలు నేసేవాడు, అంచు కలిపితే అతుకు ఎక్కడో మాకే కనపడేది కాదు. పొద్దున లేస్తే చెయ్యి వణుకు. పోగు అతకాలంటే వణుకు ఆగాలి, వణుకు ఆగాలంటే ఒక గుక్క పడాలి. తాగి పని చెడగొడుతున్నాడని మేము అనుకున్నాము. పని చెయ్యడానికే తాగుతున్నాడని మాకు తెలియలేదు.

ఏం చేసినాము? తిట్టినాము. చౌడమ్మ గుడిలో కర్పూరం ఆర్పించి ఒట్టు పెట్టించినాము. పదకొండు రోజులు నిలిచింది. తరవాత నూలు ఇవ్వడం ఆపినాము. తీర్మానం పుస్తకంలో మా సంతకం ఇంకా ఉంది. ఆయమ్మ పక్క వీధిలో వాళ్లకు కండెలు చుట్టి పిల్లలకు అన్నం పెట్టింది. ఎవరో చెబితే ఒక పొడి కొని తెలియకుండా సాంబారులో కలిపింది. వాడు ఆ రాత్రి తాగి వచ్చి గుండె దడతో పడిపోయినాడు. అక్కా, అట్ల దొంగతనంగా మందు కలపొద్దు. కొన్ని మందుల మీద సారా పడితే ప్రాణానికే ముప్పు.

ఆ భయంతో తనే ఒకనాడు పూర్తిగా ఆపేసినాడు. మేము సంతోషపడినాము. మూడో రోజు మగ్గం గుంటలోనే ఫిట్స్ వచ్చినాయి. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మమ్మల్నే కోప్పడింది. ఏండ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానితే ఇట్లనే అవుతుంది, ముందు డాక్టరు దగ్గరికి తీసుకురావాలి అని. మందులిచ్చి వణుకు తగ్గించి పంపినారు. పోయేటప్పుడు నర్సమ్మ చెప్పింది, "ఒళ్లు మేము సరిచేసినాము, మిగతాది ఏ.ఏ. మీటింగులో చూసుకోండి" అని.

ఆ మీటింగు వెతకడమే పెద్ద పని అయింది. ఆసుపత్రి గోడమీద ఒక చిన్న కాగితం, దాంట్లో ఒక ఫోన్ నంబరు. చేస్తే ఎవరో తమిళంలో మెల్లగా మాట్లాడి గురువారం సాయంత్రం ఒక స్కూలు గదికి రమ్మన్నారు. పోయినాము. బోర్డు లేదు. వీధిలో రెండుసార్లు తిరిగినాము. ఆ స్కూలు చర్చి వాళ్లది, మతం మారుస్తారేమో అని మాకే అనుమానం. అట్లాంటిదేం లేదు, గది వాళ్లది, అంతే. వాడు "వద్దన్నా, తెలిసినవాళ్లు చూస్తారు" అని వెనక్కి తిరిగినాడు. చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయినాము. తీరా లోపల, ఈరోజు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే, మీరు బయట కూర్చోండి అన్నారు! సొసైటీ సెక్రటరీ అంటే మాకు ఎక్కడైనా కుర్చీ వేస్తారు. అక్కడ గంటన్నర బయట బెంచీ మీద దోమలతో కూర్చున్నాము. బయటివాళ్లను రానిచ్చే మీటింగులు వేరే ఉంటాయంట.

1935లో అమెరికాలో తాగుడుతో చితికిన ఇద్దరు, ఒకరు షేర్ల వ్యాపారి, ఒకరు డాక్టరు, ఒకరికొకరు తోడై మొదలుపెట్టినారంట. ఫీజు లేదు. ఇంటిపేరు, ఊరు, కులం అడగరు. మానాలనే కోరిక ఒక్కటి ఉంటే చాలు. మాట్లాడాలని బలవంతం లేదు. మావాడు రెండు వారాలు నోరు తెరవలేదు. మూడో వారం తమిళంలో మొదలుపెట్టి, పిల్లల మాట వచ్చేసరికి ఇంటి తెలుగులోకి పోయినాడంట. ఎవరూ ఆపలేదంట. ఇది వాడే మాకు చెప్పింది, చెప్పుకోమన్నాడు. ఇంటివాళ్లకు అలనాన్ అని వేరే మీటింగు ఉంది, ఆయమ్మ దానికి పోతుంది.

రెండేండ్లు దాటింది. మధ్యలో దీపావళి బోనస్ నాడు ఒకసారి జారినాడు. మరుసటి గురువారం మళ్లీ పోయి కూర్చున్నాడు.

సోలాపూర్ అయినా బరంపురం అయినా మీ పెద్దాసుపత్రి మనసు వైద్యం విభాగంలో అడగండి. 14446కు ఫోన్ చేస్తే డబ్బు పడదు, చికిత్స సంగతి చెబుతారు. మొదటిసారి మాత్రం ఒంటరిగా పంపకండి, ఎవరైనా గుమ్మం దాకా పోండి.

నూలు ఆపిన తీర్మానం రద్దు చేసినాము. కూలీ ఇప్పుడు సోమవారం పొద్దున ఇస్తున్నాము. మా గోడౌను పక్క గది ఆదివారం ఖాళీనే కదా, ఊరికే వాడుకోండి అని ఆ మీటింగువాళ్లకు చెప్పినాము. ఊరికే తీసుకోరంట, అది వాళ్ల కట్టుబాటు. నెలకు రెండు వందలు బాడిగ ఇస్తున్నారు. రసీదు ఎవరి పేరున రాయాలని అడిగితే నవ్వినారు. ఆదివారం గది బాడిగ అని మాత్రం రాసుకున్నాము.